నిరపాయమైన రాకుమారులు: కోబర్గ్ వంశం యూరప్ సింహాసనాలను ఎలా చేరుకుంది

1878 నాటి బెర్లిన్ ఒప్పందం మూడో అధికరణంలో ఒక షరతు ఉంది. కొత్తగా ఏర్పడుతున్న బల్గేరియాకు పాలకుణ్ణి అక్కడి ప్రతినిధులే ఎన్నుకోవాలి, కానీ యూరప్ అగ్రరాజ్యాలను ఏలుతున్న వంశాలలో ఏ ఒక్కరినీ ఎన్నుకోకూడదు. ఇది అప్పటికప్పుడు పుట్టిన ఆలోచన కాదు. 1830లో గ్రీసుకు, 1831లో బెల్జియానికి రాజును వెతికినప్పుడూ అగ్రరాజ్యాలు తమలో తాము ఇలాంటి కట్టుబాటే చేసుకున్నాయి. ఒట్టోమన్ సామ్రాజ్యం నుంచో, మరో రాజ్యం నుంచో విడివడిన ప్రతి కొత్త దేశానికీ రాజు కావలసి వచ్చింది. గణతంత్రం అంటే వియన్నాకూ, సెయింట్ పీటర్స్‌బర్గ్‌కూ విప్లవమే గుర్తుకొచ్చేది. ఫ్రాన్స్ రాకుమారుణ్ణి కూర్చోబెడితే బ్రిటన్ ఊరుకోదు. రష్యా రాకుమారుడైతే ఆస్ట్రియా ఒప్పుకోదు. కాబట్టి రాజరక్తం ఉండి, వెనుక చెప్పుకోదగ్గ సైన్యం లేని యువకుడు కావాలి. ఈ రెండు లక్షణాలూ పుష్కలంగా ఉన్న కుటుంబం జర్మనీ నడిబొడ్డున, థురింగియా అంచున ఉండేది. అదే కోబర్గ్.

పందొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి ఈ కుటుంబపు శాఖలు బెల్జియం, పోర్చుగల్, బల్గేరియాలలో రాజ్యమేలుతున్నాయి. బ్రిటిష్ సింహాసనానికి వారసుడు ఆ వంశం వాడే. ఇంత విస్తరణ ఒక్క యుద్ధం కూడా గెలవకుండా జరిగింది. దీన్ని సాధారణంగా పెళ్ళి సంబంధాలు కుదర్చడంలో వారి చాకచక్యంగా చెబుతారు. ‘యూరప్‌కు గుర్రాల పెంపకశాల’ అని బిస్మార్క్ వెక్కిరించాడని అంటారు. చాకచక్యం ఉన్న మాట నిజమే. కానీ అసలు పెట్టుబడి అది కాదు. ఎవరికీ భయం కలిగించలేకపోవడమే వారి పెట్టుబడి.

కోబర్గ్ పాలకులది వెట్టిన్ వంశంలోని ఎర్నెస్టైన్ శాఖ. ఒకప్పుడు అది చిన్నది కాదు. 1521లో మార్టిన్ లూథర్‌కు వార్ట్‌బర్గ్ కోటలో ఆశ్రయమిచ్చిన సాక్సనీ పాలకుడు ఆ శాఖవాడే. పవిత్ర రోమన్ చక్రవర్తిని ఎన్నుకొనే కొద్దిమంది ప్రభువులలో వారొకరు. 1547లో ముల్‌బెర్గ్ యుద్ధంలో చక్రవర్తి అయిదో చార్లెస్ చేతిలో ఓడిపోవడంతో ఆ హోదా దాయాదుల చేతికి పోయింది. మిగిలిన భూమిని తరతరాలుగా కొడుకులు పంచుకుంటూ వచ్చారు. పెద్ద కొడుక్కే రాజ్యమన్న నియమం అప్పటికి అక్కడ స్థిరపడలేదు. అలా ముక్కలైన సంస్థానాలలో ఒకటి సాక్స్-కోబర్గ్-సాల్‌ఫెల్డ్. పద్దెనిమిదో శతాబ్దంలో దాని అప్పులు ఎంతగా పెరిగాయంటే, చక్రవర్తి 1773లో ఒక కమిషన్‌ను పెట్టి ఖజానాను దాని చేతికి అప్పగించాడు.

ఇంత దివాలా తీసిన సంస్థానపు పిల్లలతో చక్రవర్తులు వియ్యమందడానికి ఎందుకు సిద్ధపడ్డారు? జర్మన్ రాజవంశాల నియమాల ప్రకారం, చక్రవర్తికి నేరుగా లోబడి సొంత గడ్డను ఏలే ప్రభువు పుట్టుకలో రాజుకు సమానుడు. ఆ గడ్డ ఎంత చిన్నదైనా సరే. ఇంగ్లండ్‌లో కోబర్గ్ పాలకుడి కన్నా ఎన్నో రెట్లు ధనవంతులైన డ్యూకులు ఉండేవారు. వారు ఎంత గొప్పవారైనా తమ రాజుకు ప్రజలే. వారి కూతుర్ని పెళ్ళాడితే జర్మన్ రాకుమారుడి పిల్లలు వారసత్వ హక్కు కోల్పోయే ప్రమాదం ఉండేది. కోబర్గ్ పిల్లను చేసుకుంటే ఆ చిక్కు లేదు. ఎవరు ఎవరికి సమానులో చూపే వంశావళి పుస్తకం, గోథా పంచాంగం, 1763 నుంచి అచ్చయిన గోథా పట్టణం కూడా తర్వాత ఈ కుటుంబం చేతికే రావడం కాకతాళీయమే అయినా ముచ్చటగా ఉంటుంది.

మొదటి అవకాశం రష్యా నుంచి వచ్చింది. కేథరిన్ మహారాణి తన రెండో మనవడు కాన్‌స్టంటీన్‌కు పిల్లను వెతుకుతూ 1795లో కోబర్గ్ యువరాణి అగస్టాను, ఆమె ముగ్గురు పెద్ద కూతుళ్ళతో సహా పీటర్స్‌బర్గ్‌కు రప్పించింది. వారిలో చిన్నదైన జూలియాన్ ఎంపికైంది. పెళ్ళినాటికి ఆమెకు పద్నాలుగేళ్ళు, అతనికి పదహారు. లూథరన్ మతం వదిలి, ఆర్థడాక్స్ విశ్వాసంలో అన్నా ఫ్యోదరోవ్నా అయింది. కాన్‌స్టంటీన్ క్రూరుడు. 1801లో ఆమె రష్యా వదిలి వెళ్ళిపోయింది, మళ్ళీ తిరిగి రాలేదు. విడాకులు 1820లో గాని రాలేదు. ఆమె వరకు అది విషాదం. కుటుంబానికి మాత్రం ఆ పెళ్ళి గొప్ప ఆదాయమైంది. 1806లో నెపోలియన్ సైన్యం కోబర్గ్‌ను ఆక్రమించింది. మరుసటి ఏడాది టిల్సిట్‌లో నెపోలియన్, జార్ అలెగ్జాండర్ సంధి చేసుకున్నప్పుడు, జూలియాన్ తమ్ముడు ఎర్నెస్ట్‌కు సంస్థానం తిరిగి దక్కింది. జార్ ఆమె బావగారు కావడమే అందుకు కారణం. చిన్న రాజ్యానికి ఒక పెళ్ళి, ఒక సైన్యం చేయగల పని చేసింది. ఈ పాఠాన్ని ఇంట్లో అందరికన్నా చిన్నవాడు బాగా ఒంటబట్టించుకున్నాడు.

అతనే లియోపోల్డ్. చిన్నతనంలోనే అక్క పెళ్ళి పుణ్యమా అని రష్యా సైన్యంలో పదవి దొరికింది. పెద్దయ్యాక 1813లో కుల్మ్ యుద్ధంలో నిజంగానే పోరాడాడు. 1814లో జార్ పరివారంతో లండన్ వచ్చినప్పుడు ఒక కిరాణా దుకాణం పై గదుల్లో అద్దెకు దిగవలసినంత చేతి ఇబ్బంది. రెండేళ్ళు తిరగకుండా బ్రిటిష్ సింహాసనానికి వారసురాలైన షార్లెట్‌ను పెళ్ళాడాడు. ఆమెకు అంతకుముందు నెదర్లాండ్స్ యువరాజు ఆరెంజ్ విలియంతో నిశ్చయమైన సంబంధాన్ని ఆమే తెంచుకుంది. 1817 నవంబర్‌లో మృతశిశువును ప్రసవించి షార్లెట్ మరణించింది. లియోపోల్డ్‌కు మిగిలింది బ్రిటన్ పార్లమెంటు ఇచ్చే ఏడాదికి 50 వేల పౌండ్ల భరణం, ఆ కుటుంబంతో బంధుత్వం.

షార్లెట్ పోవడంతో మూడో జార్జి రాజుకు ఇంతమంది సంతానం ఉండీ చట్టబద్ధమైన మనవడు గాని మనవరాలు గాని ఒక్కరూ లేకుండా పోయారు. నడివయసు కొడుకులు హడావుడిగా పెళ్ళిళ్ళకు దిగారు. వారిలో కెంట్ డ్యూక్ చేసుకున్నది లియోపోల్డ్ అక్క విక్టోయిర్‌ను. ఆమె అప్పటికి ఇద్దరు పిల్లల తల్లి, వితంతువు. 1819 మే 24న వారికి పుట్టిన ఆడపిల్లే మనవాళ్ళు మహారాణిగా ఎరిగిన విక్టోరియా. ఆమెకు ఏడాది నిండకముందే తండ్రి పోయాడు. తల్లినీ పిల్లనూ ఆదుకున్నది మేనమామ లియోపోల్డే.

బెల్జియం కథలో ఈ వంశపు విలువ అంతా ఒకేచోట కనిపిస్తుంది. 1830లో బెల్జియన్లు డచ్చి పాలన మీద తిరగబడ్డారు. వారి జాతీయ కాంగ్రెస్ మొదట ఎన్నుకున్నది ఫ్రెంచి రాజు లూయీ ఫిలిప్ కొడుకును. బ్రిటన్ కన్నెర్ర చేయడంతో తండ్రే వద్దన్నాడు. అప్పుడు లియోపోల్డ్ పేరు వచ్చింది. బ్రిటన్‌కు అతను వారి అల్లుడు. రష్యాకు తమ మాజీ సైనికాధికారి. జర్మన్లకు తమవాడు. ఫ్రాన్స్‌కు మాత్రం ఏమీ కాడు గనుక, లూయీ ఫిలిప్ కూతురు లూయీజ్‌ను పెళ్ళాడతాడన్న ఆశ చూపించారు. 1832లో పెళ్ళి జరిగిపోయింది కూడా. ఏడాది క్రితమే గ్రీసు సింహాసనాన్ని ముందు ఒప్పుకొని తర్వాత కాదన్న మనిషి ఈసారి వెనకాడలేదు. 1831 జూన్ 4న కాంగ్రెస్‌లో హాజరైన 196 మందిలో 152 మంది అతనికి ఓటు వేశారు. జూలై 21న ప్రమాణం చేశాడు. అది నేటికీ బెల్జియం జాతీయ దినం. రెండు వారాలైనా గడవకముందే డచ్చి సేన దండెత్తి వచ్చింది. కొత్త రాజుకు దాన్ని ఆపే శక్తి లేదు, ఫ్రెంచి సైన్యం వచ్చి కాపాడింది. డచ్చివారి దళాలను నడిపింది ఆ ఆరెంజ్ విలియమే. ఇంతకుముందు పెళ్ళికూతురు, ఇప్పుడు తన తండ్రి రాజ్యంలో దక్షిణ భాగం, రెండూ చివరకు లియోపోల్డ్‌కే చేరడం చూసి అతనికి ఎలా అనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

లియోపోల్డ్ లూథరన్‌గానే ఉండిపోయి, పిల్లల్ని కాథలిక్కులుగా పెంచాడు. మతం విషయంలో ఈ కుటుంబానికి ఉన్న సడలింపును చాలామంది అవకాశవాదం అన్నారు. ఆ మాట తప్పు కాదు. లూథర్ 1530లో నెలల తరబడి తలదాచుకున్న కోట కూడా కోబర్గ్‌దే కాబట్టి ఎత్తిపొడుపుకు పదును ఎక్కువ. కానీ పరదేశంలో రాజు కావాలంటే అక్కడి చర్చిలో మోకరిల్లక తప్పదు. అన్న ఫెర్డినాండ్ హంగేరీలో అపార భూస్వామి అయిన కోహారీ ప్రభువు ఏకైక కూతుర్ని 1816లో పెళ్ళాడినప్పుడు, పిల్లలు కాథలిక్కులు కావాలన్నదే షరతు. ఆ షరతు వల్ల కుటుంబానికి మొట్టమొదటిసారి నిజమైన ఆస్తి వచ్చింది, దానితోపాటు కాథలిక్ సింహాసనాలకు అర్హత ఉన్న ఒక శాఖ ఏర్పడింది. ఆ శాఖ పెద్ద కొడుకు మరో ఫెర్డినాండ్, 1836లో పోర్చుగల్ రాణి రెండో మరియాకు ఇల్లరికపు అల్లుడుగా వెళ్ళాడు. రాజకీయం కన్నా కళల మీద మక్కువ ఉన్నవాడు. సింత్రా కొండ మీద రంగురంగుల పేనా ప్రాసాదం అతను కట్టించిందే. భార్య పోయాక గ్రీసు, స్పెయిన్ సింహాసనాలు వెతుక్కుంటూ వచ్చినా వద్దన్నాడు. 1869లో ఒక ఒపేరా గాయనిని పెళ్ళి చేసుకున్నాడు. వంశం మొత్తంలో ‘చాలు’ అనగలిగిన వాడు బహుశా ఇతనొక్కడే.

బ్రిటన్ సంబంధం మేనరికం. లియోపోల్డ్ అన్న ఎర్నెస్ట్ రెండో కొడుకు ఆల్బర్ట్, విక్టోరియాకు సొంత మేనమామ కొడుకు. ఇద్దరూ 1819లో మూడు నెలల తేడాతో పుట్టారు. ఇద్దరినీ ఒకే మంత్రసాని లోకంలోకి తెచ్చింది. పెళ్ళి ఆలోచన లియోపోల్డ్‌దీ, అతని కోబర్గ్ వైద్యుడూ సలహాదారూ అయిన స్టాక్‌మార్‌దీ. 1840 ఫిబ్రవరిలో పెళ్ళి జరిగింది. ఆల్బర్ట్‌కు 50 వేల పౌండ్ల భరణం ఇవ్వాలని మంత్రులు కోరితే, పార్లమెంటు దాన్ని 30 వేలకు కోసింది. ఇంత చిన్న సంస్థానం నుంచి ఇంతమంది అల్లుళ్ళు దిగుతుంటే ఇంగ్లీషువారికి విసుగు పుట్టడం సహజం.

అలాంటి విసుగు ఫ్రాన్స్‌లో విధానంగా మారిన సందర్భం 1846లో వచ్చింది. స్పెయిన్ రాణి రెండో ఇసబెల్లాకు వరుల జాబితాలో కోహారీ శాఖ కుర్రవాడు లియోపోల్డ్ పేరును బ్రిటిష్ విదేశాంగ మంత్రి పామర్‌స్టన్ తన ఉత్తరంలో ముందు పెట్టాడు. అప్పటికి లిస్బన్‌లో, లండన్‌లో, బ్రస్సెల్స్‌లో కోబర్గులే ఉన్నారు. మాడ్రిడ్‌లో కూడా వారే అయితే అది తటస్థ వంశం కాదు, బ్రిటన్ చుట్టూ కట్టిన గోడ అని ఫ్రాన్స్ లెక్క వేసింది. రాణిని ఆమె సొంత దాయాదికి, చెల్లెల్ని ఫ్రెంచి రాజు కొడుక్కి ఇచ్చి ఒకేరోజు పెళ్ళిళ్ళు జరిపించింది. బ్రిటన్, ఫ్రాన్స్‌ల స్నేహం ఆ దెబ్బకు చెడింది. నిరపాయకరంగా ఉండటమే అర్హత అయినప్పుడు, విజయాలు పెరిగిన కొద్దీ ఆ అర్హత తరిగిపోతుంది. కోబర్గులు ఆ అంచును మొదటిసారి తాకింది అక్కడే.

బల్గేరియా వంతు 1887లో వచ్చింది. మొదటి రాజు బాటెన్‌బర్గ్ అలెగ్జాండర్ రష్యా ఆగ్రహానికి గురై గద్దె దిగాక, బల్గేరియా ప్రతినిధులు యూరప్ రాజధానులు తిరిగి తిరిగి, చివరకు ఆస్ట్రియా సైన్యంలో పనిచేస్తున్న కోహారీ శాఖ ఫెర్డినాండ్‌ను ఒప్పించారు. ఆ పదవికి అతను ఎంతమాత్రం పనికిరాడని విక్టోరియా రాణి అభిప్రాయం. రష్యా దాదాపు తొమ్మిదేళ్ళు అతన్ని గుర్తించలేదు. 1896లో అతను కాథలిక్‌గా బాప్తిస్మం పొందిన పెద్ద కొడుకు బోరిస్‌ను ఆర్థడాక్స్ మతంలోకి మార్పించాడు. జార్ నికొలస్ జ్ఞానతండ్రి అయ్యాడు, రష్యా గుర్తింపు వెంటనే వచ్చింది. బోరిస్ కొడుకు సిమియన్ ఆరేళ్ళ వయసులో రాజై, 1946లో దేశం విడిచి, 2001 ఎన్నికల్లో తన పార్టీ గెలవడంతో అదే దేశానికి నాలుగేళ్ళు ప్రధానమంత్రిగా పనిచేశాడు. అతని ఇంటిపేరు సాక్స్‌కోబర్గ్‌గోట్‌స్కి.

ఈ కథను సరదా సంబంధాల కథగా చెప్పడం అలవాటు. అలా చెబితే కాంగో తప్పిపోతుంది. బెల్జియం రెండో రాజు, రెండో లియోపోల్డ్‌కు స్వదేశంలో రాజ్యాంగం చేతులు కట్టేసింది. బయట ఒక భూమి కావాలని ఏళ్ళ తరబడి వెతికాడు. 1884–85లో ఆఫ్రికా పంపకాల సమయంలో కాంగో నదీ పరీవాహక ప్రాంతమంతా అతని సొంత ఆస్తిగా గుర్తింపు పొందింది. అది బెల్జియానికి ఇచ్చింది కాదు, వ్యక్తిగా అతనికి ఇచ్చింది. ఎందుకు ఇచ్చారు? ఫ్రాన్స్‌కు పోకూడదని బ్రిటన్ కోరిక, బ్రిటన్‌కు పోకూడదని ఫ్రాన్స్ కోరిక. ఇద్దరికీ పోకుండా, అందరికీ స్వేచ్ఛా వాణిజ్యం ఇస్తానంటున్న చిన్న దేశపు రాజు బిస్మార్క్‌కు నచ్చాడు. 1831లో తండ్రిని బ్రస్సెల్స్‌లో కూర్చోబెట్టిన తర్కమే యాభై ఏళ్ళ తర్వాత కొడుకు చేతికి మధ్య ఆఫ్రికాను అప్పగించింది. యూరప్ రాజధానులకు నిరపాయమైన మనిషి కాంగో ప్రజలకు ఏమవుతాడో అడిగినవారు లేరు. రబ్బరు కోటా తీర్చని గ్రామాలను కాల్చారు, మనుషుల్ని చంపారు, చేతులు నరికారు. ఒక్కసారి కూడా అక్కడ అడుగుపెట్టకుండానే లియోపోల్డ్ ఆ డబ్బుతో బెల్జియంలో భవనాలు కట్టాడు. బ్రిటిష్ రాయబార అధికారి రోజర్ కేస్‌మెంట్ నివేదిక 1904లో బయటపడ్డాక పెరిగిన నిరసన వల్ల, 1908లో ఆ ప్రాంతం బెల్జియం ప్రభుత్వానికి బదిలీ అయింది. అంతర్జాతీయ సమతూకం పేరుతో జరిగిన అతి ఖరీదైన తప్పులలో ఇదొకటి. దాని ఖరీదు చెల్లించినవారికి ఆ సమతూకంతో పని లేదు.

1914లో యుద్ధం వచ్చేసరికి కోబర్గులు మూడు చోట్ల ఎదురెదురుగా ఉన్నారు. బెల్జియం ఆల్బర్ట్ జర్మన్ దాడిని ఎదిరించి ఈజర్ నది దగ్గర నిలిచాడు. బల్గేరియా ఫెర్డినాండ్ 1915లో జర్మనీ పక్షాన చేరాడు. కోబర్గ్ సంస్థానాన్ని ఏలుతున్న చార్లెస్ ఎడ్వర్డ్ స్వయంగా విక్టోరియా మనవడు, ఇంగ్లండ్‌లో పుట్టి ఈటన్ బడిలో చదువుకున్నవాడు. పెద్ద శాఖకు వారసులు లేకపోవడంతో పదహారేళ్ళ వయసులో, 1900లో, జర్మనీకి డ్యూక్‌గా పంపారు. యుద్ధంలో అతను జర్మన్ సైన్యం వైపు నిలిచాడు. 1917 వేసవిలో లండన్ మీద బాంబులు కురిపించిన విమానాల పేరు గోథా. అవి తయారైంది అతని సంస్థానంలోని కర్మాగారంలోనే. ఆ జూలై 17న అయిదో జార్జి తన వంశానికి సాక్స్-కోబర్గ్-గోథా పేరు తీసేసి విండ్సర్ అని పెట్టుకున్నాడు. విశాఖపట్నంలో 1923లో మొదలైన కింగ్ జార్జి ఆస్పత్రికి ఉన్నది ఆ రాజు పేరే. అతని ఇంటిపేరు అప్పటికి ఆరేళ్ళ పాతది.

రాజు ఎక్కడివాడైనా ఫరవాలేదన్న కాలం ఆ యుద్ధంతో పోయింది. ఇప్పుడు రాజు తన జాతివాడు కావాలి, లేదా అలా కనిపించాలి. చార్లెస్ ఎడ్వర్డ్‌కు రెండు వైపులా పోయింది. 1918 నవంబర్‌లో గద్దె, 1919లో బ్రిటిష్ బిరుదులు. తనను ఎవరూ తమవాడు అనుకోని ఆ మనిషి తర్వాత నాజీల్లో చేరి జర్మన్ రెడ్‌క్రాస్‌కు అధ్యక్షుడయ్యాడు. రెండో యుద్ధం తర్వాత జరిమానా కట్టి, 1954లో కోబర్గ్‌లోనే చనిపోయాడు. ఊరి ప్రజలు అతనికన్నా తెలివిగా తమ దారి చూసుకున్నారు. 1919 నవంబర్‌లో ప్రజాభిప్రాయ సేకరణలో థురింగియాతో కలవడానికి నిరాకరించి, మరుసటి ఏడాది బవేరియాలో చేరారు. ఆ ఓటు వల్లే 1945 తర్వాత కోబర్గ్ పశ్చిమ జర్మనీలో ఉంది, గోథా తూర్పు జర్మనీకి పోయింది. 1929లో పురపాలక సంఘంలో నాజీలకు ఆధిక్యం ఇచ్చిన మొదటి జర్మన్ పట్టణం కూడా ఇదే. కాబట్టి వారి తెలివిని మరీ పొగడనక్కరలేదు.

మగ సంతతి ద్వారా కోబర్గ్ పరంపరలోనే నేటికీ సాగుతున్న సింహాసనం బెల్జియానిది ఒక్కటే. ఇప్పటి రాజు ఫిలిప్ మొదటి లియోపోల్డ్ వంశీకుడు. డచ్చి భాష మాట్లాడే ఫ్లాండర్స్‌కూ ఫ్రెంచి మాట్లాడే వాలోనియాకూ నడుమ ఆ కుటుంబం ఇద్దరికీ పరాయిది, అందుకే ఇద్దరూ భరించగలిగారు. ఆ పరాయితనం ఒక్కసారి చెదిరింది. రెండో యుద్ధంలో జర్మన్లకు లొంగిపోయి దేశంలోనే ఉండిపోయిన మూడో లియోపోల్డ్ తిరిగి రాజుగా రావచ్చా అని 1950 మార్చిలో ఓటింగ్ జరిపితే, దేశం మొత్తం మీద 57 శాతానికి పైగా రావచ్చన్నారు. కానీ ఫ్లాండర్స్ పెద్ద ఆధిక్యంతో అవుననగా, వాలోనియాలో ఎక్కువమంది కాదన్నారు. గెలిచిన రాజు ఒక్క పక్షానికే రాజు అయ్యాడు. ఆ వేసవిలో సమ్మెలు, కాల్పులు, మరణాల తర్వాత అధికారాన్ని కొడుకు బోడువన్‌కు అప్పగించి, మరుసటి ఏడాది పూర్తిగా తప్పుకున్నాడు.